రోమ్ శిథిలాల్లో మేకల మంద

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? మొన్న వియన్నాలో పని అయిపోయాక సగం రోజు మిగిలితే మ్యూజియానికి వెళ్ళాను. అక్కడ ఒక బొమ్మ చూసిన దగ్గర్నుంచి నీకు రాయాలనే ఉంది. దాన్ని చూడాల్సింది నేను కాదురా, మేకల దొడ్లో పెరిగిన నువ్వు.

పొద్దుగూకే వేళ. విరిగిన రాతి స్తంభాలు, వాటి కింద పడుకున్న మంద. ముందర ఒక మేకపోతు కాళ్ళు పొట్ట కిందికి మడుచుకుని తిన్నగా మనవైపే చూస్తోంది. కంటిపాప అడ్డంగా గీత గీసినట్టుంది. గడ్డం ఉండలు కట్టింది. దవడ ఒక పక్కకి జరిగి ఉంది, నెమరేస్తూ మనల్ని చూసి ఆగినట్టు! కాపరి మాత్రం మూల చీకట్లో నిద్రపోతున్నాడు, మొహం కూడా సరిగా కనపడదు.

గీసింది ఫిలిప్ పీటర్ రోస్ అనే జర్మన్. తండ్రి కూడా పశువుల బొమ్మలకి పేరుపడ్డవాడే. జర్మనీలోని హెస్సె-కాసెల్ ప్రభువు ఖర్చుపెట్టి 1677లో ఫిలిప్‌ని ఇటలీ పంపితే ఇక అక్కడే ఉండిపోయాడు. రోమ్‌లో ఒక చిత్రకారుడి కూతుర్ని చేసుకోవడానికి కాథలిక్ అయ్యాడు. తర్వాత రోమ్ దగ్గర్లోని టివోలీ అనే ఊళ్ళో కాపురం. చూసి గీయడానికని ఇంటినిండా జంతువుల్ని పెంచితే, జనం ఆ ఇంటిని 'నోవా ఓడ' అన్నారట, బైబిల్లో వరదప్పుడు జంతువులన్నిటినీ ఎక్కించుకున్న ఓడ పేరు. చివరికి ఊరిపేరే అతని పేరైంది: రోసా ద టివోలీ. చెయ్యి ఎంత వేగమంటే, తోటి చిత్రకారులు 'మెర్క్యూరియస్' అని పిలిచేవాళ్ళు, కాళ్ళకి రెక్కలున్న దేవుడి పేరు. అంత పనిమంతుడూ 1706లో పేదవాడిగానే పోయాడు. అది తలుచుకుంటే బాధేస్తుంది.

ఆ శిథిలాలు అందం కోసం కల్పించినవే అనుకునేవాణ్ణి ఇన్నాళ్ళూ. కొన్ని అలాంటివే. కానీ రోమ్ నడిబొడ్డున, ఒకప్పుడు సెనేట్ అనే పెద్దల సభ కూర్చున్న ఫోరమ్‌ని, అంటే పాత రోమ్ ప్రధాన కూడలిని, ఆ రోజుల్లో 'కాంపో వాచినో' అనేవాళ్ళు. అంటే ఆవుల బయలు! పశువుల సంత అక్కడే. మట్టి మేటవేసి గుడి స్తంభాలు సగందాకా పూడిపోయాయి. గుండ్రటి పెద్ద గ్రానైట్ తొట్టిలో పశువులు నీళ్ళు తాగేవి. 1818లో ఆ తొట్టిని క్విరినాల్ కొండ మీది ఫౌంటెన్‌కి తరలించారు. క్లాడ్ లొరైన్ అనే చిత్రకారుడు 1636లో ఆ బయలుని గీసిన బొమ్మ పారిస్ లూవ్ర్ మ్యూజియంలో ఉంది. పాలరాతి స్తంభం నీడన ఆవు పడుకోవడం వాళ్ళకి రోజూ కనిపించే సంగతేనన్నమాట.

ఫొటో ఇందులోనే పెట్టాను. ఎడమవైపు లేస్తున్న మేకని చూడు. వెనక కాళ్ళు లేచాయి, ముందు మోకాళ్ళు ఇంకా నేలమీదే ఉన్నాయి. మేక లేచేది అలాగే కదా? బాబాయికి కూడా చూపించు. ఆ పోతు వయసెంతుంటుందో ఆయన చెప్తే నాకు రాయి.

నీ
రాజు