మోకాళ్ల వ్యాయామానికి తెలుగులో ఓ ఫోన్ కాల్ కావాలి

సంపాదకులకు నమస్కారం.

నేను నరసరావుపేటలో ఫిజియోథెరపిస్టుని. మోకాళ్ల నొప్పులతో నా దగ్గరికి వచ్చేవాళ్లలో ఎక్కువమంది మిరప కోతలకు, పత్తి తీతలకు వెళ్లే ఆడవాళ్లే. తొడ ముందు కండరం బలపడితే నొప్పి తగ్గుతుంది, నడక తేలికవుతుంది. అందుకే కాలు చాచి ఎత్తడం, చేతులు ఆనించకుండా కుర్చీలోంచి లేవడం నేర్పి పంపుతాను. నా ముందు చక్కగా చేస్తారు. ఇంటికెళ్లాక కొద్దిరోజులకే మానేస్తారు.

అది బద్ధకం కాదు, భయం. "గుజ్జు అరిగిపోయిందన్నారు కదమ్మా, కదిలిస్తే ఉన్నది కూడా పోదా?" అంటారు. వ్యాయామం చేసిన రోజు కాస్త నొప్పి పుట్టిందంటే ఆ భయం ఇంకా గట్టిపడుతుంది. ఎక్స్‌రేలో కనిపించే అరుగుదలకూ మనిషి పడే నొప్పికీ సరిగ్గా పొంతన ఉండదనీ, కొద్దిగా పెరిగిన నొప్పి మర్నాటికి సర్దుకుంటే కంగారు అక్కర్లేదనీ ఆ సాయంత్రమే ఎవరైనా చెప్పాలి. నెలకోసారి కనిపించే నేను చెబితే చాలదు.

ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయం వాళ్లు ఈ పని మెసేజీలతో చేయించారు. వెబ్‌సైట్‌లో వ్యాయామాలు పెట్టి, 24 వారాల పాటు ఫోన్‌కి మెసేజీలు పంపారు. ఈ వారం ఎన్నిసార్లు చేశారని అడగడం, తక్కువైతే ఎందుకు కుదరలేదో కనుక్కుని దానికి తగ్గ సలహా ఇవ్వడం, అంతా దానంతటదే జరిగిపోతుంది. 206 మందితో చేసిన ఆ అధ్యయనం 2021లో అచ్చయింది. జబ్బు గురించిన సమాచారం మాత్రమే అందినవాళ్ల కన్నా వీళ్లకు నొప్పి బాగా తగ్గింది, రోజువారీ పనులు తేలికయ్యాయి. జర్మనీలో 2020 నుంచి కొన్ని ఆరోగ్య యాప్‌లను డాక్టర్లు చీటీ మీద రాస్తే బీమా సంస్థలే ఖర్చు భరిస్తున్నాయి.

వాటినే తెచ్చి ఇక్కడ పెడితే పనికిరావు. మా వాళ్లలో చాలామందికి బటన్ ఫోనే దిక్కు, అదీ పగలంతా కొడుకు జేబులో ఉంటుంది. మెసేజ్ చదవలేరు. కాబట్టి అన్నాలు తినే వేళ దాటాక తెలుగులో రికార్డు చేసిన కాల్ రావాలి: చేశారా, ఒకటి నొక్కండి, నొప్పికి భయపడి ఆపారా, రెండు నొక్కండి. రెండు నొక్కినవాళ్లకు వెంటనే ధైర్యం చెప్పే మాట వినిపించాలి. వరుసగా అదే నొక్కుతుంటే ఏఎన్ఎంకు కబురు వెళ్లాలి. మోకాలు వాచి ఎర్రబడినా, జ్వరం వచ్చినా వ్యాయామం ఆపి డాక్టర్ దగ్గరికి వెళ్లమని మొదటి కాల్‌లోనే చెప్పాలి.

ఆయుష్మాన్ భారత్‌లో మోకీలు మార్పిడి ఆపరేషన్‌కు డబ్బులిస్తున్నారు. ఆ అవసరం వీలైనంత వెనక్కి జరిగేలా చూసే ఈ చిన్న ఖర్చు కూడా ప్రభుత్వమే పెట్టుకోవాలి. మిరప కోతలు అయిపోగానే పల్నాడులో ఒక్క మండలంతో మొదలుపెట్టమని ఆరోగ్యశాఖను కోరుతున్నాను. ఇక్కడి వాళ్లు మాట్లాడుకునే తెలుగులో ఆ కాల్స్ రాసివ్వడానికి, గొంతు ఇవ్వడానికి నేను సిద్ధం.

— ఒక ఫిజియోథెరపిస్టు, నరసరావుపేట