వార్షిక నివేదిక: నానేఘాట్ కనుమదారి

సభ్యులకు నమస్కారం. ఈ ఏడాది మన సంఘం అధ్యయనమంతా ఒక్క కనుమ మీదే సాగింది. మహారాష్ట్రలో జున్నర్‌కు పడమట ఉన్న నానేఘాట్ అది. సోపారా, కళ్యాణ్ రేవుల్లో దిగిన సరుకు జున్నర్ మీదుగా శాతవాహనుల రాజధాని పైఠణ్ చేరాలంటే సహ్యాద్రి ఎక్కక తప్పదు. శాతవాహనుల కాలంలో ఆ ఎక్కుడుకు ముఖ్యమైన దారుల్లో ఇదొకటి.

తీరప్రాంతమైన కొంకణం వైపు వైశాఖరే దగ్గర మొదలై, అడవి దాటాక రాతిమెట్లు వస్తాయి. కొసన రెండు బండల నడుమ ఇరుకు సందు. ఇది పెరికె ఎద్దుల దారి, బండి చక్రం ఎక్కదు. 1830లో బోర్‌ఘాట్ అనే మరో కనుమకు బండిబాట, 1863లో రైలు వచ్చాక బరువు సరుకు అటే మళ్లింది. అంతకు ఎన్నో శతాబ్దాల ముందే రేవుల మధ్య పోటీ దెబ్బ ఈ దారికీ తగిలి ఉంటుందని మా అభిప్రాయం. కళ్యాణ్‌కు వచ్చిన గ్రీకు ఓడలను కాపలాతో భరుకచ్ఛం (నేటి గుజరాత్‌లోని భరూచ్) రేవుకు తరలించేవారని క్రీ.శ. 1వ శతాబ్దపు గ్రీకు నౌకా వ్యాపార గ్రంథం 'పెరిప్లస్' చెబుతోంది. రేవు మూతపడితే కనుమకు పనేముంటుంది?

ఎక్కువ సమయం కనుమ పైన ఉన్న గుహ దగ్గరే పట్టింది. అందులో శాతవాహన రాజు శాతకర్ణి రాణి నాగనిక శాసనం ప్రాకృతంలో, బ్రాహ్మీ లిపిలో ఉంది. యజ్ఞాల దక్షిణల లెక్కలు అందులో అంకెల్లో రాశారు. 24,400 కోసం ఇరవై వేలకు ఒక గుర్తు, నాలుగు వేలకు ఒకటి, నాలుగు వందలకు ఒకటి. సున్నా లేదు. వెనక గోడ మీది రాజకుటుంబ శిల్పాల్లో పాదాల ఆనవాళ్లే మిగిలాయి, పైన పేర్లున్నాయి. వాటిలో శాతవాహన వంశ మూలపురుషుడు సిముకుడి పేరు చూసినప్పుడు, అతని నాణేలు దొరికిన మన తెలంగాణలోని కోటిలింగాల గుర్తుకు రాక మానదు.

సందు పైన ఉన్న రాతి తొట్టిలో సుంకం నాణేలు వేసేవారన్నది జనం మాట. శాసనంలో సుంకం ప్రస్తావన లేదు. అందుకే మన కరపత్రంలో ఆ వాక్యానికి 'అంటారు' అని చేర్చాం.

వెళ్లే సభ్యులకు: వానాకాలంలో పాచి పట్టిన మెట్లు దిగేటప్పుడే ఎక్కువ జారతాయి, మోకాళ్లు వంచి పక్కవాటుగా దిగండి. అక్షరాలు కనబడటం లేదని నీళ్లు చల్లకండి, సుద్ద పూయకండి, రాయి పాడవుతుంది. టార్చి గోడకు ఆనించినట్టు పట్టి పక్క నుంచి వెలుగు వేస్తే గాట్లలో నీడ పడి అక్షరం లేస్తుంది. వచ్చే ఏడాది గుహలో శాసనమున్న కుడి, ఎడమ గోడలకు ఈ పద్ధతిలోనే వరుస వరుసకూ ఫొటోలు తీస్తాం.