మీరు 'పరిష్కరించిన' నా ఫిర్యాదు గురించి

వినియోగదారుల సేవా విభాగం ఉన్నతాధికారి గారికి,

నమస్కారం. ఉన్నతాధికారి అని రాశాను గానీ, ఆ హోదాలో ఒక మనిషి నిజంగా ఉన్నారన్న నమ్మకం నాకు లేదు. అడిగిన ప్రతిసారీ "సార్ మీటింగులో ఉన్నారు" అన్నారు. మార్చిలో మొదలైన ఆ మీటింగు ఇంకా అయినట్టు లేదు. అందుకే కాగితం మీద రాసి పోస్టులో పంపుతున్నాను. దీన్నయితే హోల్డులో పెట్టలేరు కదా.

2025 మార్చి 3, సోమవారం తెల్లవారుజాము. లాస్ ఏంజెలెస్‌లో అప్పుడు ఆదివారం సాయంత్రం, 97వ ఆస్కార్ వేడుక. మా ఎం.వి.పి. కాలనీలో సినిమా పాటలు పాడుకునే ఆడవాళ్ల బృందం ఒకటుంది. అందరూ స్నానాలు కానిచ్చుకుని ఐదున్నరకల్లా మా ఇంటికొచ్చి కూర్చున్నారు. 'వికెడ్' సినిమాలో నటించి పాడిన ఆరియానా గ్రాండే, సింథియా ఎరివో వేదిక మీద పాడతారని ముందే చెప్పారు. సరిగ్గా కార్యక్రమం మొదలయ్యే వేళకి మీ డిష్ టీవీ పెట్టె "ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు" అంది. అంతకు కొన్ని రోజుల ముందే రీచార్జి చేయించాం, ముందురోజు రాత్రి వరకూ ఆ ఛానల్ శుభ్రంగా వచ్చింది. పెట్టె సంగతి ఇంతే. యంత్రమన్నాక ఆగుతుంది, దానితో నాకు గొడవ లేదు.

గొడవంతా మీ మనుషులతో.

టోల్‌ఫ్రీకి చేశాను. తెలుగు కోసం ఏదో అంకె నొక్కమన్నారు, నొక్కాను. హిందీ వచ్చింది. మళ్లీ నొక్కితే సంగీతం వచ్చింది, మీ ప్రకటనలో పాటే, అదే చరణం తిప్పి తిప్పి. ఆ ఉదయం మా బృందానికి దక్కిన సంగీత ప్రదర్శన అదొక్కటే. ఎట్టకేలకు ఒకమ్మాయి పలికి "ఏ సీరియల్ మేడమ్ రావట్లేదు?" అంది. ఆస్కార్ అన్నాను. "ఆ సీరియల్ ఏ ఛానల్‌లో వస్తుంది మేడమ్?" అంది. ఆ పిల్లని ఏమీ అనను, నేర్పనిది మీరు.

తర్వాత తగిలినతను ఛానల్ నా ప్యాక్‌లో లేనే లేదన్నాడు. ఇంకొకతను ఉంది, పెట్టె ఆపి మళ్లీ వేయండన్నాడు. ఆపాను, వేశాను. మూడో మనిషి, వానకి సిగ్నల్ పోయి ఉంటుందన్నాడు. మార్చిలో విశాఖలో వానేమిటి బాబూ, చెమట తప్ప? రాత్రికి ఆ వేడుక మళ్లీ వేస్తారు, కనీసం అప్పటికైనా సరిచేయండని బతిమాలాను. "తప్పకుండా మేడమ్" అన్నారు. మధ్యాహ్నానికి మెసేజ్ వచ్చింది: "మీ సమస్య పరిష్కరించబడింది. మా సేవకు రేటింగ్ ఇవ్వండి."

రాత్రి టీవీ వేస్తే అదే వాక్యం. ఈ ఛానల్ మీ ప్యాక్‌లో లేదు.

"ఒక్క పాట కోసం ఇంత దేనికి మేడమ్, యూట్యూబ్‌లో ఉంటుంది కదా" అన్నారు మీ ఏజెంటు ఒకరు. అడిగారు కాబట్టి చెబుతున్నాను. అది ఒక్క పాట కాదు. 1939 నాటి 'ది విజార్డ్ ఆఫ్ ఓజ్'లో జూడీ గార్లాండ్ పాడిన ఇంద్రధనుస్సు పాట గ్రాండే అందుకుంది. అదే కథని నల్లజాతి నటులతో తీసిన 1978 నాటి 'ది విజ్'లోంచి ఒకటి ఎరివో పాడింది. ఆపైన ఇద్దరూ కలిసి 2024లో వచ్చిన తమ 'వికెడ్' పాట ఎత్తుకున్నారు. ఎనభై ఐదేళ్ల సంగీత చిత్రాల చరిత్రని కొన్ని నిమిషాల్లో, ప్రాణమున్న గొంతులతో, తప్పితే దిద్దుకునే వీలు లేని చోట నిలబడి వినిపించారన్నమాట. సినిమాలో కూడా వాళ్లు సెట్లో నిజంగా పాడినవాళ్లే. మన దగ్గర తొలి తెలుగు టాకీ 1932 నాటి 'భక్త ప్రహ్లాద'. అప్పటికింకా ప్లేబ్యాక్ రాలేదు, మనవాళ్లూ కెమెరా ముందే పాడేవారు. ఇప్పుడు ఫంక్షన్లలో ట్రాక్ పెట్టి పెదాలు కదిపే గాయకులే గాయకులు. మా బృందంలో కుర్రపిల్లలకి ఆ తేడా కళ్లారా చూపిద్దామనుకున్నాను. అందరూ కలిసి కూర్చుని, అది జరుగుతుండగా.

ఇదంతా ఫోన్లో ఓపిగ్గా చెప్పాను. ఆయనా ఓపిగ్గా విని, "ఇంకేమైనా సహాయం కావాలా మేడమ్?" అన్నారు. ఇంకేమైనానట!

సరే, మనిషిని కలుద్దామని ద్వారకానగర్ వెళ్లాను. మూడో అంతస్తు, లిఫ్టు లేదు. ఇక్కడ కొత్త కనెక్షన్లే, ఫిర్యాదులకి గాజువాక వెళ్లండన్నారు. ఎన్‌ఏడీ దగ్గర ట్రాఫిక్‌లో ఉడికి గాజువాక చేరితే, మీది సిటీ కాబట్టి డాబాగార్డెన్స్ అన్నారు. డాబాగార్డెన్స్‌లో భోజనానికి వెళ్లారు. ఆ భోజనం ముగిసేసరికి ఆఫీసు మూసే వేళయింది.

తర్వాత మీ టెక్నీషియన్ ఒకడొచ్చాడు. మంచి కుర్రాడు, అబద్ధం ఆడను. డిష్ చూసి, తీగ చూసి, "అన్నీ బాగున్నాయి ఆంటీ, నేను డిష్ మనిషిని, ప్యాక్ మనిషిని కాదు" అని మంచినీళ్లు తాగి వెళ్లాడు. ఆ ప్యాక్ మనిషి ఎక్కడుంటాడో ఈ రోజు వరకూ ఎవరూ చెప్పలేదు. మా వాచ్‌మన్ "ఏటమ్మా, ఆళ్లింకా రాలేదేటి?" అని అడుగుతూనే ఉన్నాడు. మీ కంపెనీ మొత్తంలో లేని పట్టింపు అతనికుంది.

హుద్‌హుద్ తుఫాను గుర్తుందా మీకు? 2014 అక్టోబరు 12. మీ డిష్ మా మేడ మీంచి లేచి పక్కవీధిలో పడింది. ఊళ్లో కరెంటు లేదు, నీళ్లు లేవు, చెట్లన్నీ కూలిపోయాయి. అప్పుడు పోటీ కంపెనీలవాళ్లు ఇంటింటికీ తిరిగి ఉచితంగా బిగిస్తామంటే, వద్దు, మాకు ఇదే ఉందని చెప్పి మీ మనిషి కోసం వారాల తరబడి ఎదురుచూసి, కొత్త డిష్ డబ్బులిచ్చి కొన్నాం. 2023 మార్చి 13 ఉదయం రాహుల్ సిప్లిగంజ్, కాలభైరవ అదే ఆస్కార్ వేదిక మీద, డాల్బీ థియేటర్లో 'నాటు నాటు' పాడుతుంటే, హాలంతా లేచి చప్పట్లు కొడుతుంటే, కాసేపటికి కీరవాణి గారు, చంద్రబోస్ గారు అవార్డు అందుకుంటుంటే, మీ పెట్టె ముందే కూర్చుని ఏడ్చాం. ఆ రోజు పెట్టెకి బొట్టు పెట్టలేదంతే. ఇన్నేళ్ల కస్టమర్‌కి మీరిచ్చిన విలువేమిటయ్యా అంటే, వచ్చే రీచార్జిలో పది రూపాయలు తగ్గిస్తామని ఒక మెసేజ్, పిల్లల కార్టూన్ ప్యాక్ నెల రోజులు ఉచితమని ఇంకొకటి.

నాకు డబ్బు అక్కర్లేదు. మావారు మాత్రం ఈ ఏడాది కట్టిందంతా వెనక్కి రావాల్సిందేనంటున్నారు, ఆయన మాటా తీసిపారేయలేను. ఆ ఉదయం ఛానల్ ఎందుకు పోయిందో, సరిచేయకుండానే సరిచేశామని ఎవరు నొక్కారో, మీలో ఎవరో ఒక మనిషి తన పేరు రాసి, సంతకం పెట్టి, తెలుగులో జవాబివ్వాలి. "అసౌకర్యానికి చింతిస్తున్నాము" అన్న ముక్క అందులో ఉంటే చించేస్తాను.

పదిహేను రోజులు చూస్తాను. ఆ తర్వాత వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తాను, జిల్లా వినియోగదారుల కమిషన్‌కీ వెళతాను. మనం చెల్లించింది ఐదు లక్షల లోపు అయితే అక్కడ ఫీజు కూడా ఉండదట, మా బృందంలో వకీలుగారి భార్య చెప్పింది. మా బృందంలో ప్రతి ఇంటి మీదా మీ డిష్షే ఉంది, అదీ గుర్తుపెట్టుకోండి. అన్నీ విప్పించి ఆటోలో వేసుకొచ్చి మీ ద్వారకానగర్ మెట్ల మీద పెట్టగలం. లిఫ్టు లేదు కాబట్టి పైకి మీరే మోసుకోండి.

ఇట్లు,
మీ పాత చందాదారు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం.
(చందాదారు సంఖ్య మీ దగ్గరే ఉంది. ఫోన్ చేసిన ప్రతిసారీ మొదటినుంచీ చెప్పించుకున్నారుగా.)

తా.క.: ఈ ఉత్తరానికి రేటింగ్ మీరివ్వండి.