గిల్లికజ్జాలకు దిగేవారు జవాబు కూడా వినాలి

సంపాదకులకు నమస్కారం.

సినిమా హీరోల అభిమానులు, పార్టీల కార్యకర్తలు, కులం పేరుతో గ్రూపులు నడిపేవాళ్లు... ఎవరిని చూసినా సోషల్ మీడియాలో ఒకటే తీరు కనిపిస్తోంది. పొద్దున్నే అవతలి హీరోనో, నాయకుడినో వెక్కిరిస్తూ ఒక పోస్టు పెడతారు. దమ్ముంటే జవాబు చెప్పమంటారు. మధ్యాహ్నానికి ఎవరో నిజంగానే జవాబు చెబుతారు. అందులో బూతు ఉండదు, బెదిరింపు ఉండదు. మీరు చెప్పిన లెక్క తప్పు, ఆ ఫొటో పాతది అని మాత్రమే ఉంటుంది. అంతే, సవాలు విసిరిన మనిషే తన మనోభావాలు దెబ్బతిన్నాయంటాడు. జవాబిచ్చినవాణ్ని బ్లాక్ చేస్తాడు, తన గుంపు చేత మూకుమ్మడిగా రిపోర్టు కొట్టిస్తాడు, ఆఖరికి స్క్రీన్‌షాట్లు పట్టుకుని పోలీస్ స్టేషన్ మెట్లెక్కుతాడు.

ఇదంతా పిరికితనమని చాలామంది తేల్చేస్తారు. నాకా మాట చాలదనిపిస్తుంది. రెచ్చగొట్టే పోస్టు పైకి అవతలివాడికి రాసినట్టు ఉంటుంది గానీ, దాన్ని రాసేది సొంతవాళ్ల మెప్పు కోసం. లైకులు వచ్చేది వాళ్ల నుంచే. ఆ సొంతవాళ్ల కళ్లెదుటే తప్పు బయటపడితే తల కొట్టేసినట్టవుతుంది. అందుకే చిన్న సవరణ కూడా దాడిలా తోస్తుంది. 1998లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు బ్రాడ్ బుష్‌మన్, రాయ్ బౌమీస్టర్ ప్రచురించిన ప్రయోగాలు ఈ విషయంలో గమనించదగ్గవి. విద్యార్థుల చేత వ్యాసం రాయించి, ఇంత నాసిరకం వ్యాసం చదవలేదన్న వ్యాఖ్యతో కొందరికి తిరిగిచ్చారు. తర్వాత ఒక పోటీలో, ప్రత్యర్థికి చెవులు హోరెత్తే శబ్దం వినిపించే అవకాశమిచ్చారు. విమర్శించిన మనిషి మీద అందరికంటే ఎక్కువ కసి తీర్చుకున్నది, తమంత గొప్పవాళ్లు లేరనుకునే ఆత్మమోహం ఉన్నవాళ్లు. మామూలు ఆత్మగౌరవం ఎక్కువ తక్కువలకూ ఈ కసికీ సంబంధం కనపడలేదు.

తగవులాడటం మనకు కొత్త కాదు. మా ఊరి కందుకూరి వీరేశలింగం పంతులు 1874లో ‘వివేకవర్ధని’ పెట్టి ఎంతమందిని నొప్పించారో! ఆయనకు ఎదురు నిలిచిన కొక్కొండ వెంకటరత్నం పంతులు ‘ఆంధ్రభాషా సంజీవని’ నడిపేవారు. కొక్కొండవారు ‘హాస్యవర్ధని’ మొదలుపెట్టి ఎద్దేవా చేస్తే, కందుకూరి 1876లో ‘హాస్య సంజీవని’తో బదులిచ్చారు. ఇద్దరూ గట్టిగానే దెప్పిపొడుచుకున్నారు. కానీ రాతకు రాతతోనే సమాధానం చెప్పుకున్నారు. ఆ పోటీ వల్ల తెలుగులో హాస్య పత్రికలకు దారి పడింది.

చట్టం ఏం చెబుతోందో మన ఠాణాల దాకా చేరడం లేదని నా బాధ. ఎవరికైనా చికాకు, అసౌకర్యం కలిగించినా నేరమే అనగలిగిన ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను సుప్రీంకోర్టు 2015 మార్చి 24నే కొట్టేసింది. 2025 మార్చి 28న, కాంగ్రెస్ ఎంపీ ఇమ్రాన్ ప్రతాప్‌గఢీ సోషల్ మీడియా పోస్టు మీద పెట్టిన కేసులో మరింత స్పష్టంగా చెప్పింది: నిత్యం అభద్రతతో బతికేవారిని, విమర్శ వినపడగానే తమ పదవికో పలుకుబడికో ముప్పనుకునేవారిని కొలమానంగా పెట్టుకుని మాటల ప్రభావాన్ని అంచనా వేయకూడదు, నిబ్బరం, ధైర్యం ఉన్న మనిషిని పెట్టుకుని చూడాలి. అదే ఏడాది జులైలో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, సోషల్ మీడియా కేసుల్లో యాంత్రికంగా రిమాండ్ విధించవద్దని మేజిస్ట్రేట్లకు సర్క్యులర్ ఇచ్చింది. సెప్టెంబరులో తెలంగాణ హైకోర్టు, ఫిర్యాదు చేసినవారు నిజంగా బాధితులేనా అని ముందు చూడమని, ఘాటైన రాజకీయ విమర్శ మీద కేసులు పెట్టేయవద్దని పోలీసులకు మార్గదర్శకాలు ఇచ్చింది. పరువు నష్టమైతే మేజిస్ట్రేట్ దగ్గరికి వెళ్లాల్సిందే, పోలీసులు నేరుగా కేసు కట్టేది కాదు.

ఇంత చెప్పినా, ఫిర్యాదు చేసే ప్రతివారినీ నేను తప్పుపట్టడం లేదు. ఒక ఆడపిల్ల సినిమా గురించో, రాజకీయం గురించో రెండు మాటలు రాస్తే చాలు, ఆమె ఫొటో మార్ఫింగ్ చేసి, ఇంట్లోవాళ్లను ఈడ్చి, అత్యాచారం చేస్తామని బెదిరించేవాళ్లున్నారు. అది విమర్శ కాదు, నేరం. ఆమె ఓర్చుకోవాలని చెప్పే హక్కు ఎవరికీ లేదు. ఉడుక్కున్నవాళ్ల ఫిర్యాదులు నాకు మరీ కోపం తెప్పించేది ఇందుకే. సైబర్ క్రైమ్ సిబ్బంది సమయమంతా ఎవరి నాయకుణ్ని ఎవరు ఏమన్నారన్న దాని మీద ఖర్చయితే, ఆ అమ్మాయి కాగితం బల్ల మీదే పడి ఉంటుంది.

కాబట్టి రెండు రాష్ట్రాల డీజీపీలు ఆ తీర్పుల సారాంశాన్ని తెలుగులో ప్రతి స్టేషన్‌కూ పంపాలి. ఫిర్యాదు తీసుకునేటప్పుడు జవాబు ఒక్కటే కాకుండా, దానికి ముందు ఫిర్యాదుదారు పెట్టిన పోస్టులు కూడా అడిగి చూడాలి. పార్టీలు తమ సోషల్ మీడియా విభాగాలకు, హీరోలు తమ అభిమాన సంఘాలకు పేరు పెట్టి మరీ చెప్పాలి. ‘అందరూ సంయమనం పాటించండి’ అన్న ప్రకటనలను ఎవరూ పట్టించుకోరు.

పత్రికలకూ నాదొక మనవి. ‘అనుచిత వ్యాఖ్యలపై ఫిర్యాదు’ అని వార్త వేసేటప్పుడు ఆ వ్యాఖ్య దేనికి జవాబుగా వచ్చిందో కూడా రాయండి. మొదటి పోస్టు ఎవరు పెట్టారో తెలియకుండా చదివితే, కయ్యానికి కాలు దువ్వినవాడే మాకు బాధితుడిగా కనిపిస్తున్నాడు.

– ఒక పాఠకుడు, రాజమహేంద్రవరం