సురభికి ఒక రంగశాల కట్టించండి: ఇద్దరు సాంస్కృతిక శాఖ మంత్రులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ సాంస్కృతిక శాఖ మంత్రులకు,

నమస్కారాలు.

ఒకే ఉత్తరం ఇద్దరికీ రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. తరతరాలుగా నాటకమే బతుకుగా ఉన్న సురభి కుటుంబాల సంగతే అలాంటిది. వాళ్లకు పేరిచ్చిన ఊరు కడప జిల్లాలో ఉంది. వాళ్ల కుటుంబాలు స్థిరపడ్డ సురభి కాలనీ హైదరాబాద్ శివారులో, లింగంపల్లిలో ఉంది. 2014లో పుట్టిల్లు ఒక రాష్ట్రానికి, ఉంటున్న ఇల్లు ఇంకో రాష్ట్రానికి వెళ్లాయి. ప్రేక్షకులు మాత్రం రెండు చోట్లా ఉన్నారు. అందుకే ఇది ఎవరి ఫైలు అన్న ప్రశ్న దగ్గర ఆగిపోకుండా ఇద్దరూ చదువుతారని ఆశపడుతున్నాను.

అడగబోయేది ముందే చెప్పేస్తాను. సురభి నాటకానికి సరిపడే ఒక రంగశాల కట్టించండి. అందులో ఏడాది పొడవునా, ముందే ప్రకటించిన తేదీల్లో నాటకాలు ఆడించండి. ఆ ప్రదర్శనలను ప్రభుత్వమే ఒప్పందం మీద కొనాలి, కళాకారులకు నెలజీతం అందాలి. సన్మానాలూ ఉత్సవాలూ ఆ తర్వాత ఎన్నయినా పెట్టుకోవచ్చు.

మీ అధికారులు రాసిచ్చే నోట్‌లో 1885 అన్న సంవత్సరం ఎలాగూ ఉంటుంది. ఆ ఏడాది సురభి గ్రామంలో ఒక పెళ్లి వేడుకలో, అప్పటిదాకా తోలుబొమ్మలాట ఆడుతున్న కుటుంబం బొమ్మలు పక్కనపెట్టి తామే వేషాలు కట్టి ‘కీచకవధ’ ఆడింది. ఆ సమాజాన్ని నిలబెట్టిన వ్యక్తి వనారస గోవిందరావు. తరాల కిందట మరాఠా ప్రాంతం నుంచి దక్షిణానికి వచ్చిన కుటుంబాలు వీళ్లవి. ఆడిన ఊరి పేరు చివరికి ఇంటిపేరులాగా అతుక్కుపోయింది.

నోట్‌లో రాయని సంగతి ఒకటుంది. బొమ్మలాట ఆడించేవాళ్లకు దీపం ఎక్కడ పెట్టాలో, నీడ ఎంత పడాలో, కథ నడుస్తుండగా పాట ఎక్కడ ఎత్తుకోవాలో పుట్టుకతోనే తెలుసు. అన్నిటికన్నా ముఖ్యంగా, తెర వెనక చెయ్యి కనపడకుండా తెర ముందు అద్భుతం జరిపించడం తెలుసు. సురభి స్టేజీ మీద తర్వాత వచ్చిన మాయలన్నిటికీ మూలం అక్కడే ఉందని నా నమ్మకం. చదువుకున్న నాటక సమాజాలు చాలావాటికి పద్యం వచ్చు, రాగం వచ్చు. ఈ చేతివిద్య రాలేదు.

ఇంకొకటి, ఆడవాళ్ల సంగతి. మీసాలు తీసేసి మగవాళ్లే చిత్రాంగి, ద్రౌపది వేషాలు కడుతున్న కాలంలో సురభి ఆడపడుచులు స్టేజీ ఎక్కారు. కంపెనీ అంటే కుటుంబమే కాబట్టి అది కుదిరింది. తండ్రి కంసుడైతే కూతురు చిన్నికృష్ణుడు. ఆ పిల్లే పెద్దయ్యాక శశిరేఖ, ఆ తర్వాత సుభద్ర, జుట్టు నెరిశాక గాంధారి. ఒక్క మనిషి జీవితంలో నాటకంలోని పాత్రలన్నీ వరసగా వచ్చి వెళ్తాయి. 1932లో వచ్చిన మొదటి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతిగా నటించిన సురభి కమలాబాయి ఈ కుటుంబాల్లోంచి వెళ్లినవారే. సినిమా ముందు వీళ్ల నటుల్ని తీసుకుంది, తర్వాత ప్రేక్షకుల్నీ తీసుకుంది.

అయినా బతికారు. ఎలా బతికారో మీరు గమనించాలి. ఊరి బయట ఖాళీ జాగా చూసుకుని రేకులు, వెదుళ్లు, పట్టాలతో తామే హాలు వేసుకునేవాళ్లు. నేల, బెంచీ, కుర్చీ అని టికెట్లు. రోజుకో నాటకం. వారాలు, నెలలు ఒకే ఊళ్లో. వసూళ్లు తగ్గగానే అంతా విప్పి, మూటాముల్లె సర్దుకుని ఇంకో ఊరు. పిల్లలు, ముసలివాళ్లు, వంటపాత్రలు, కిరీటాలు, హార్మోనియం అన్నీ కలిసి ప్రయాణం. ఒక దశలో ముప్పైకి పైగా సురభి సమాజాలు తెలుగు నేల మీద ఇలా తిరిగాయి. ఇవాళ వేళ్ల మీద లెక్కపెట్టేయొచ్చు. 1937లో మొదలైన శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి వాటిలో బాగా తెలిసినది. దాన్ని చాలాకాలం నడిపిన రేకందార్ నాగేశ్వరరావు గారికి, అందరూ బాబ్జీ గారు అనేవారు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో ఆయన కన్నుమూశారు.

140 ఏళ్లలో ఎక్కువ కాలం వీళ్లు టికెట్ డబ్బు మీదే బతికారు. ప్రభుత్వం తలుచుకునేనాటికి వాళ్ల వెనక మూడు నాలుగు తరాల వ్యాపార అనుభవం ఉంది. ఈ మాట ఎందుకు చెబుతున్నానంటే, సురభి పేరెత్తగానే ఆఫీసుల్లో ‘ఆదుకోవాలి’ అన్న మాట వస్తుంది. ఆదుకోవడం అంటే ఏదో మూలనపడ్డ దానికి మందు పోయడం అనుకుంటారు. వీళ్లకు పని వచ్చు. పని చేసే చోటే లేకుండా పోయింది.

ఎందుకు లేకుండా పోయిందో కాస్త వివరంగా చెప్పనివ్వండి, ఎందుకంటే అసలు విషయం ఇక్కడే ఉంది.

సురభి నాటకంలో తెరలు ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. వీధి, తోట, అడవి, అంతఃపురం, దర్బారు, అన్నీ చేత్తో గుడ్డ మీద వేసినవి. ముందున్న వీధి తెర దగ్గర విదూషకుడో చెలికత్తెలో నవ్విస్తున్నంత సేపట్లో వెనక దర్బారు సిద్ధమైపోతుంది. వీధి తెర పైకి లేవగానే సింహాసనం మీద దుర్యోధనుడు ఉంటాడు. మధ్యలో చీకటి లేదు, ఖాళీ లేదు. చిన్న సీను, పెద్ద సీను అలా మార్చి మార్చి రాసుకోవడం వెనక ఉన్న లెక్క ఇదే. తెరలు పూర్తిగా పైకి లేవాలంటే కనపడే స్టేజీ ఎంత ఎత్తు ఉందో దాని మీద ఇంకా అంత ఎత్తు ఖాళీగా ఉండాలి. నారదుడు మబ్బుల్లోంచి దిగాలంటే పైన బరువు మోసే దూలం ఉండాలి. ఎదురెదురుగా వచ్చిన రెండు బాణాలు గాల్లో ఢీకొని నిప్పురవ్వలు రాల్చాలంటే పక్కల్లో జాగా, మంటలార్పే ఏర్పాటు రెండూ కావాలి.

ఒకసారి స్టేజీ పక్కన నిలబడి చూసే అవకాశం దొరికింది. పదేళ్లు దాటని కుర్రాడు ఒకడు నిక్కరుతో తాడు పట్టుకుని నిలబడి ఉన్నాడు. వాడి చూపు స్టేజీ వైపు లేదు. తబలా వాయించే ఆయన కుడిచేతి మీద ఉంది. మూడో దెబ్బకు లాగాడు, అవతల బాణం బయలుదేరింది. అంతకు ముందే సుభద్రగా పద్యం పాడి లోపలికి వచ్చినావిడ చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని రెండో తాడు అందుకుంది. పద్యంలో చివరి రాగం ఇంకా ఆవిడ గొంతులో సన్నగా నడుస్తూనే ఉంది. ఎవరూ ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. ఈ పనిని ఏ కోర్సులో నేర్పుతారు, ఎన్నాళ్లకు వస్తుంది?

ఇప్పుడు మనం కడుతున్న ఆడిటోరియంలు చూడండి. అవి సభల కోసం కట్టినవి. ఫాల్స్ సీలింగ్, ఎర్ర కార్పెట్, వెనక ఎల్ఈడీ తెర, వేదిక మీద పన్నెండు సోఫాలు పట్టేంత వెడల్పు. పైన ఎత్తు ఉండదు, పక్కల్లో చోటు ఉండదు, మేకు కొట్టకూడదు, నిప్పు అసలే కూడదు. అద్దె గంటల లెక్కన. ఒక హాల్లో నేను చూసిన నాటకం రోజున పొద్దున మీటింగ్ ఉందని సురభి వాళ్లను మధ్యాహ్నం దాటాక గానీ లోపలికి రానివ్వలేదు. సగం తెరలు చుట్టలు విప్పకుండానే మిగిలిపోయాయి. ఆకాశం నుంచి దిగాల్సిన నారదుడు ఎడమ పక్కనుంచి నడుచుకుంటూ వచ్చాడు. పాపం, వీణ కూడా తనే మోసుకుంటూ. జనం చప్పట్లు కొట్టారు, మనవాళ్లు మంచివాళ్లు. కానీ ఆ రోజు సురభిని మొదటిసారి చూసిన పిల్లాడు ‘ఇంతేనా’ అనుకుని ఇంటికి వెళ్లి ఉంటాడు.

హైదరాబాద్ పబ్లిక్ గార్డెన్స్‌లోని లలిత కళాతోరణంలో సురభి నాటకాలు వరసగా ఆడిన రోజులు నగరంలో చాలామందికి గుర్తున్నాయి. అక్కడికి వెళ్తే సురభి ఉంటుందని జనానికి తెలుసు కాబట్టే వెళ్లేవాళ్లు. ‘పద్యనాటకం ఇప్పుడు ఎవరు చూస్తారండీ’ అని అడిగేవాళ్లకు నా జవాబు అదే. ఎప్పుడు, ఎక్కడ అన్నది తెలియకపోతే సినిమా కూడా ఎవరూ చూడరు.

పక్క రాష్ట్రం ఏం చేసిందో చెబుతాను. కన్నడ నాటక దర్శకుడు బి.వి. కారంత్ గారు 1990లలో సురభి వాళ్లతో కలిసి పనిచేశారు. ‘భీష్మ’, ‘చండీప్రియ’, జర్మన్ నాటకకర్త బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. పురాణాలు తప్ప ఆడలేరనుకున్నవాళ్లు బస్తీ మనుషుల నాటకాన్ని అదే ఊపుతో ఆడి చూపించారు. అదే కారంత్ గారి చేత కర్ణాటక ప్రభుత్వం 1989లో మైసూరులో ‘రంగాయణ’ పెట్టించింది. నెలజీతం తీసుకునే నటులు, సొంత రంగశాల, సంవత్సరం పొడవునా ప్రదర్శనలు. తర్వాత ధార్వాడ, శివమొగ్గ, కలబురగిలకూ ఆ పద్ధతి వెళ్లింది. ఒకే మనిషి రెండు చోట్ల పనిచేశాడు. అక్కడ సంస్థ మిగిలింది, ఇక్కడ జ్ఞాపకం మిగిలింది. రంగాయణకు నటుల్ని కొత్తగా వెతికి తెచ్చుకోవాల్సి వచ్చింది. మనకు నటులు, సంగీతం, తెరలు, కథలు అన్నీ ఇంట్లో ఉన్నాయి. లేనిది ఇల్లే. జర్మనీలో నగరాలు తమ ఒపేరా హౌస్‌లను ప్రజాధనంతో నడుపుతాయి, దాన్ని ఎవరూ దానం అనుకోరు. మనది కూడా సంగీత నాటకమే.

నాటక బృందాలకు ఇచ్చే కేంద్ర సాంస్కృతిక శాఖ రెపర్టరీ గ్రాంటు ఉంది కదా అంటారు. ఉంది, దాని వల్ల కొన్ని పొయ్యిలు వెలుగుతున్నాయి కూడా. కానీ ఆ పథకం గురువు ఒకరు, శిష్యులు ఇంతమంది అన్న లెక్క మీద నడుస్తుంది. సురభిలో ఎవరు గురువు? తాడు లాగే కుర్రాడికి తబలా ఆయన గురువా, అమ్మా? తెరకు రంగులు వేసేవాళ్లు, కిరీటాలకు అద్దాలు అతికేవాళ్లు, అరవై మందికి అన్నం వండి ఆరింటికల్లా మొహానికి రంగు పూసుకునే పెద్దావిడ ఏ గడిలో వస్తారు? పైగా గ్రాంటు మనుషులకు వస్తుంది, స్టేజీకి రాదు.

రంగశాల విషయంలో నా మనవి కొంచెం ముక్కుసూటిగా ఉంటుంది. డిజైన్ గీయించక ముందే ఆర్కిటెక్టును సురభి కాలనీకి పంపండి. తాడు లాగేవాళ్లతో రెండు రోజులు కూర్చోమనండి. టెండర్ పిలిచాక అభిప్రాయాలు అడగడం మనకు అలవాటు, ఈసారి ముందు అడగండి. భవనం పక్కనే తెరలు పరిచి రంగులు వేసుకునే పొడవాటి షెడ్డు, పాత తెరలను చెదపట్టకుండా దాచే గది ఉండాలి. కుర్చీలు వెయ్యి అక్కర్లేదు. మైకు లేకుండా పద్యం చివరి వరసకు వినపడేంత హాలు చాలు. రెండు కట్టగలిగితే, ఒకటి లింగంపల్లి దగ్గర, ఇంకొకటి కడపలో అయితే ఏడాదిలో సగం అక్కడ, సగం ఇక్కడ ఆడతారు. తిరగడం వాళ్లకు కొత్త కాదు.

పిల్లల విషయంలో ఒక మాట. కాలనీలో స్థిరపడ్డాక చదువులు వచ్చాయి, ఉద్యోగాలు వచ్చాయి. మంచిదే. వాళ్లు నాటకంలోనే ఉండాలని కోరే హక్కు నాకూ లేదు, మీకూ లేదు. అందుకే జీతం అడుగుతున్నాను. నెల తిరిగేసరికి ఖాతాలో డబ్బు పడితే, ఇంజనీరింగ్ సీటు వచ్చిన అమ్మాయి కూడా ఆలోచించుకునే వీలుంటుంది. ఇప్పుడు ఆ వీలే లేదు. ఇంకో మాట సురభి పెద్దలకు నచ్చకపోవచ్చు: కుటుంబం బయటి పిల్లల్ని కూడా చేర్చుకుని ఈ విద్య నేర్పాలి. ప్రజల డబ్బుతో నడిచే చోటికి తలుపు అందరికీ తెరిచి ఉండాలి. రహస్యాలు పోతాయన్న భయం సహజమే. కానీ లడ్డూలు ఘటోత్కచుడి నోట్లోకి ఎలా ఎగిరి వెళ్తాయో తెలిసినవాళ్లు తగ్గిపోతున్నారన్న భయం అంతకన్నా పెద్దది.

ఏటా ఏప్రిల్ 16న, కందుకూరి వీరేశలింగం గారి పుట్టినరోజున, తెలుగు నాటకరంగ దినోత్సవం చేస్తాం. వచ్చే ఏప్రిల్ 16కి కొత్త పురస్కారం ప్రకటించకండి. స్థలం సర్వే నంబరు, మంజూరైన మొత్తం, పని మొదలయ్యే నెల చెప్పండి. ఇద్దరు కార్యదర్శులు కలిసి కూర్చునే తేదీ ఖరారైతే అది కూడా పత్రికల్లో వేయించండి. ఆ మీటింగ్‌కు సురభి సమాజాల నుంచి ఒక్కొక్కరిని పిలవండి, వేదిక మీద కాదు, బల్ల చుట్టూ.

ఇట్లు,
టికెట్ కొని నాటకం చూసే ఒక ప్రేక్షకుడు