370జెడ్ సస్పెన్షన్ పనిలో లోపాలపై ఫిర్యాదు

మేనేజర్ గారికి,

విషయం: నా నిస్సాన్ 370జెడ్ కారుకు మీరు చేసిన ‘హ్యాండ్లింగ్ ప్యాకేజీ’ పనిలో లోపాలు; ఉచిత మరమ్మతు, కొంత డబ్బు వాపసు కోరడం.

అయ్యా,

గత నెల మీ హైదరాబాద్ వర్క్‌షాపులో నా కారుకు లోయరింగ్ స్ప్రింగులు (కారు ఎత్తు తగ్గించేవి), ముందూ వెనకా యాంటీ రోల్ బార్లు (మలుపులో బాడీ ఒరగకుండా పట్టే కడ్డీలు), బానెట్ కింద స్ట్రట్ బార్ (రెండు వైపుల సస్పెన్షన్ పైకొసల్ని కలిపే కడ్డీ) వేయించుకున్నాను. అడ్వాన్సు తీసుకునేటప్పుడు మీ సేల్స్ అబ్బాయి “ఛాసిస్ నలభై శాతం గట్టిపడుతుంది సార్, మలుపులో బాడీ ఊగనే ఊగదు” అన్నాడు. ఊగడం తగ్గిన మాట నిజమే. కానీ కారు మలుపు తిరగడం కూడా తగ్గింది.

ఔటర్ రింగ్ రోడ్డు దిగి శంషాబాద్ వైపు వచ్చే లూపులో, స్టీరింగ్ తిప్పి ఉన్నప్పుడు చిన్న గతుకు తగిలినా ముందు చక్రాలు పట్టు వదిలి బయటికి జారుతున్నాయి. కంపెనీ సస్పెన్షన్‌తో ఇదే లూపులో ఈ బాధ లేదు. మీకు ఫోన్ చేస్తే “కొత్త స్ప్రింగులు కదా సార్, సెట్ అవుతాయి” అన్నారు. స్ప్రింగు కూర్చుంటే కారు ఎత్తు కాస్త తగ్గుతుందేమో గానీ, జారే చక్రం దానంతటదే దారికి రాదు. అందుకే వేరే చోట లిఫ్ట్ ఎక్కించి, కింద నిలబడి నా కళ్లతో చూశాను.

మొదట బుష్‌లు, అంటే సస్పెన్షన్ కీళ్లలో ఉండే రబ్బరు ముక్కలు. ముందు చక్రాల లోయర్ ఆర్మ్ (చక్రాన్ని బాడీకి కలిపే కింది చెయ్యి) బోల్టులన్నీ చక్రాలు గాల్లో వేలాడుతుండగానే పూర్తిగా బిగించేశారు. ఈ బుష్‌లో రబ్బరు లోపలి గొట్టానికీ బయటి గొట్టానికీ అతుక్కుని ఉంటుంది. బండి బరువు చక్రాల మీద పడ్డాక బిగిస్తే రబ్బరు మామూలు స్థితిలో ఉంటుంది. గాల్లో బిగిస్తే, కారు కిందికి దిగగానే తడిబట్ట పిండినట్టు మెలితిరిగి అలాగే ఉండిపోతుంది. ఎడమవైపు బుష్ అప్పుడే అంచు దగ్గర చిరిగింది. వేలి గోరు లోపలికి పోతోంది. స్పీడ్ బ్రేకర్ దాటినప్పుడల్లా వచ్చే ‘కిర్రు’ చప్పుడు అక్కడిదే. ఈ నియమం సర్వీస్ మాన్యువల్‌లో రాసి ఉంటుంది, అదేమీ రహస్యం కాదు.

రెండోది బంప్ స్టాప్, అంటే చక్రం మరీ పైకి రాకుండా ఆపే దిమ్మె. కారును కిందికి దించి, పాత షాకబ్జర్లూ పాత పొడవు బంప్ స్టాపులూ అలాగే ఉంచారు. దాంతో చక్రం పైకి కదలడానికి మిగిలిన జాగా చాలా తక్కువ. మలుపులో బరువంతా బయటి చక్రం మీదికి వచ్చేసరికి అది బంప్ స్టాప్ మీదే కూర్చుంటోంది. ఆ క్షణంలో సస్పెన్షన్ ఉన్నట్టుండి రాయిలా గట్టిపడి టైరు జారుతుంది. దీనికి తోడు, బార్ గట్టిదనం మార్చుకోవడానికి ఉండే రంధ్రాల్లో, ముందు యాంటీ రోల్ బార్‌ను అన్నిటికంటే గట్టిదాంట్లో, వెనకదాన్ని అన్నిటికంటే మెత్తటిదాంట్లో బిగించారు. ముందు చక్రాలు జారాలని కోరి సెట్ చేసినా ఇంతకంటే బాగా కుదరదు.

ఇక టైర్లు. ముందు రెండూ లోపలి అంచున నున్నగా అరిగాయి, బయటి అంచున కొత్త టైరు నూగు ఇంకా ఉంది. ఎత్తు తగ్గించాక ఈ కారుకు ముందు నెగటివ్ క్యాంబర్ (చక్రం పైభాగం లోపలికి వంగడం) పెరుగుతుంది. టో (చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం) అయితే సర్దవచ్చు. క్యాంబర్ సర్దాలంటే బయట దొరికే అప్పర్ ఆర్ములు కొనాల్సిందే. ఈ సంగతి కోట్ ఇచ్చేటప్పుడే చెప్పాలి. మీరు చెప్పలేదు సరే, టో అయినా చూశారా? బిల్లులో వీల్ అలైన్‌మెంట్‌కు డబ్బు వేశారు గానీ ప్రింట్ ఇవ్వలేదు. అడిగితే “మెషిన్ ప్రింటర్ పాడైంది” అన్నారు.

స్ట్రట్ బార్ గురించి ఎక్కువ రాయను. 370జెడ్‌కు మూడు చోట్ల బిగించే బార్ ఫ్యాక్టరీ నుంచే వస్తుంది. దాన్ని తీసి, రెండు చోట్లే బిగించే రంగు బార్ పెట్టి ‘ఛాసిస్ స్టిఫ్‌నెస్’ అని బిల్లు వేశారు. బాడీ గట్టిదనాన్ని ఒక డిగ్రీ మెలిపెట్టడానికి ఎన్ని న్యూటన్ మీటర్ల టార్క్ (మెలితిప్పే బలం) కావాలి అన్న లెక్కలో చెబుతారు. మీ నలభై శాతాన్ని ఏ కారు మీద, ఎలా కొలిచారో కాగితం మీద చూపించండి.

నేను కోరుతున్నవి ఇవి. చిరిగిన బుష్‌లు మార్చి, బోల్టులన్నీ వదులు చేసి, చక్రాల మీద బరువు ఉంచి టార్క్ రెంచ్‌తో మళ్లీ బిగించాలి. ఆ స్ప్రింగులకు సరిపడే షాకబ్జర్లు, బంప్ స్టాపులు వేయాలి. లేదంటే నా పాత స్ప్రింగులే తిరిగి వేసి కొత్తవాటి డబ్బు ఇవ్వాలి. స్ట్రట్ బార్ ఖర్చు, ముందు టైర్ల ఖర్చు వాపసు చేయాలి. అలైన్‌మెంట్ నా ఎదుటే చేసి, పనికి ముందూ తర్వాతా వచ్చిన రీడింగుల ప్రింట్ ఇవ్వాలి.

ఈ లేఖ అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేస్తాను. ఫోటోలు, బిల్లు నకలు, రెండో వర్క్‌షాపు రాసిచ్చిన తనిఖీ కాగితం జత చేశాను.

ఇంకొకటి. పని పూర్తయ్యాక నా పాత స్ప్రింగులు, కంపెనీ స్ట్రట్ బార్ డిక్కీలో పెట్టామన్నారు. డిక్కీలో జాక్ తప్ప ఏమీ లేదు. అవి ఎక్కడున్నాయో ముందు అది చెప్పండి.

ఇట్లు,
370జెడ్ యజమాని
(పేరు, ఫోన్ నంబరు మీ జాబ్ కార్డులో ఉన్నాయి)