స్టెంటు వేసి పంపాక ఈ రెండు ప్రశ్నలూ అడిగించండి

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి,

నమస్కారం. స్టెంటు వేశాకో బైపాస్ చేశాకో ఇచ్చే డిశ్చార్జి కాగితంలో మాత్రల పట్టిక, ఉప్పు తగ్గించమన్న సలహా, మళ్లీ రావాల్సిన తేదీ ఉంటాయి. రోగికి నిద్ర పడుతోందా, మెట్లెక్కాలంటే గుండె దడ వస్తోందా అన్న ఊసు మాత్రం కనిపించదు. ఎకో (గుండె స్కాన్) బాగుందని డాక్టరంటారు. ఏదో బెంగగా ఉందని రోగి అంటే, వయసు కదా అని ఇంట్లోవాళ్లు సర్దిచెబుతారు.

దిగులు ముదిరితే మాత్రలు వేసుకోవడం మీద శ్రద్ధ పోతుంది. కొత్త స్టెంటు ఉండగా, రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ ఆపేస్తే అందులో రక్తం గడ్డకట్టి మళ్లీ గుండెపోటు రావచ్చు.

అందుకే ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఫాలో అప్‌కు వచ్చిన ప్రతి గుండె రోగినీ నర్సు రెండు ప్రశ్నలు అడగాలి. గత రెండు వారాల్లో పనుల మీద ఆసక్తి తగ్గిందా? మనసు దిగులుగా ఉందా? దిగులును (డిప్రెషన్‌ను) పసిగట్టే పీహెచ్‌క్యూ-2 అనే ప్రశ్నావళి ఇదే. ఒక్కోదానికి 0 నుంచి 3 మార్కులు. మొత్తం 3 గానీ అంతకు మించి గానీ వస్తే తొమ్మిది ప్రశ్నల పీహెచ్‌క్యూ-9 అడగాలి. అందులో 10కి చేరితే మానసిక వైద్యుడు చూడాలి. తొమ్మిదోది చనిపోవాలన్న ఆలోచన గురించి. దానికి సున్నా కాక ఏ జవాబొచ్చినా మొత్తం ఎంతని చూడకుండా ఆ రోజే డాక్టరు మాట్లాడాలి.

అడగడంలోనే పని చెడుతుంది. 'డిప్రెషన్ ఉందా' అంటే 'అబ్బే, అలాంటిదేం లేదండీ' అంటారు. పక్కన భార్యో కొడుకో ఉంటే వాళ్లే జవాబు చెప్పేస్తారు. వాళ్లను కాసేపు బయట కూర్చోబెట్టాలి.

నీరసం, నిద్రలేమి గుండె బలహీనత వల్లా, మెటోప్రొలాల్ లాంటి గుండె మాత్రల వల్లా రావచ్చు. హిమోగ్లోబిన్, టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష) చూడకుండా దిగులని ముద్ర వేయకూడదు. దిగులుకు మందే కావాల్సి వస్తే, ఎమిట్రిప్టిలిన్ లాంటి పాత మందులు గుండె లయను చెడగొట్టగలవు. సెర్ట్రలిన్ అనే మరో దిగులు మందును గుండె రోగుల్లో పరీక్షించి చూశారు. కానీ ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్‌తో కలిస్తే రక్తస్రావం ముప్పు పెరుగుతుంది. మలం తారులా నల్లగా వస్తే సొంతంగా మాత్రలు ఆపకుండా వెంటనే ఆసుపత్రికి రమ్మని ముందే చెప్పాలి.

డిశ్చార్జి కాగితం మీద ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 పెద్దక్షరాల్లో అచ్చేయించండి. మానసిక వైద్యుణ్ని కలవమని జిల్లా ఆసుపత్రికి చీటీ రాసిస్తే సరిపోదు. రోగి అక్కడికి వెళ్లారా లేదా అని పథకం తరఫున ఆసుపత్రిలో ఉండే ఆరోగ్య మిత్ర వారంలోగా ఫోన్ చేసి కనుక్కోవాలి, వెళ్లకపోతే కారణం రాసుకోవాలి. బస్సు ఛార్జీలా, సిగ్గా, తోడు వచ్చేవాళ్లు లేకా అన్నది ఆ ఫోన్‌లోనే తెలుస్తుంది.

ఇట్లు,
గుండె, మానసిక వైద్య విభాగాల్లో పనిచేస్తున్న వైద్యులు, నర్సులు